మూడో మలుపు దగ్గర నిలబడిన మనిషి

నేను ఇరవై ఏడేళ్లు ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు చెప్పాను. ఒక ఏడాది మా బడిలో ఆడపిల్లలు మరుగుదొడ్ల వెనక ఏదో తిరుగుతోందని చెప్పుకుని అటువైపు పోవడమే మానేశారు. మధ్యాహ్నం బెల్లు కాగానే నేను కుర్చీ వేయించుకుని సరిగ్గా ఆ గోడ పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. వరసగా నాలుగు రోజులు అలా చేశాక పిల్లలు నవ్వుకుంటూ రావడం మొదలుపెట్టారు. అక్కడ తిరుగుతున్నది ఒక ముంగిస.

మా ఇంట్లో కూడా అలాంటి మాటలకు చోటు లేదు. మాది కొడవలూరు దగ్గర పల్లె. నాన్న మా చర్చిలో సంఘపెద్ద. పోయినవాళ్లు ప్రభువు పిలిచేదాకా నిద్రలో ఉంటారు, లేచి రోడ్ల మీద తిరిగే పని వాళ్లకు లేదు అనేవాడు. ఎవరైనా దయ్యం పట్టిందని వస్తే ప్రార్థన చేసి, ఆ తర్వాత రక్తపరీక్ష చేయించుకోమని నెల్లూరు పంపేవాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి ఈమె మొదటినుంచీ ఇలాంటివి నమ్మే మనిషి అని ఎవరూ అనుకోకూడదు. రెండేళ్ల కిందట ఆ మూడు రోజులు గడిచేదాకా నాకు వీటి గురించి ఆలోచించే అవసరమే రాలేదు.

మా వారి పేరు ప్రకాశం. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపారు, ఎక్కువ కాలం గూడూరు నెల్లూరు మధ్యనే. నెమ్మదైన మనిషి. ఇంట్లో నడిచేటప్పుడు కూడా మలుపు తిరిగే ముందు ఒక్క క్షణం ఆగేవారు. మాకు పిల్లలు లేరు. పిల్లలు లేని ఇంట్లో మొగుడూ పెళ్లామే ఒకరికొకరు పిల్లలవుతారని మా అత్త అనేది. పెళ్లయిన పదేళ్లకు ఆ మాట నాకు అర్థమైంది.

ఉద్యోగం వదిలిన రెండో ఏడు నుంచి ఆయనకు మతిమరుపు మొదలైంది. ముందు తాళాలు, తర్వాత పేర్లు. ఒకరోజు పాలకని బయల్దేరి హైవే మీద బస్టాపులో నిలబడి ఉంటే ఎవరో గుర్తుపట్టి తీసుకొచ్చారు. డ్యూటీకి టైమైంది, బండి రాలేదు అన్నారట. డాక్టరు జబ్బు పేరు చెప్పి, ఇది తగ్గేది కాదు, త్వరగా ముదరకుండా చూడటమే అన్నాడు. నేను ముందుగానే ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండిపోయాను.

ఆ సోమవారం నెల్లూరులో ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు. అక్టోబరు నెలాఖరు. వాయుగుండం పట్టి రెండు రోజుల నుంచి విడవకుండా వాన. ముందు రాత్రి ఆయన నన్ను నిద్రపోనివ్వలేదు. పొద్దున బయల్దేరేటప్పుడు, ఎక్కడికి పోతున్నాం, ఎక్కడికి పోతున్నాం అని అడిగిందే అడుగుతున్నారు. ఇరవై సార్లకు పైగా చెప్పి ఉంటాను. చెప్పులు తొడుగుతూ నేనొక మాట అన్నాను. "ఎక్కడికన్నా పోండి. నాకు చెప్పకుండా పోండి" అన్నాను. ఈ మాట నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఒక్క మనిషికి చెప్పాను, అది తర్వాత వస్తుంది.

ఆసుపత్రిలో ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి రిపోర్టు తీసుకోవడానికి పక్క గదిలోకి వెళ్లాను. వెళ్లి రావడానికి నాకు ఎనిమిది నిమిషాలు పట్టింది. తర్వాత కెమెరాలో చూశాం కాబట్టి ఆ లెక్క నాకు తెలుసు. నేను లోపలికి పోగానే ఆయన లేచారు. గేటు దాటి, మలుపు ముందు ఒక క్షణం ఆగి, ఎడమ వైపు తిరిగారు. అంతే. క్రీమ్ రంగు చొక్కా, దాని మీద కాఫీ రంగు గళ్లు. బూడిద రంగు ప్యాంటు. కాళ్లకు నల్ల చెప్పులు. ఆ మూడు రోజుల్లో ఈ మాటలు నేను ఎన్ని వందల సార్లు చెప్పానో.

పోలీసులకు చెప్పాం. ఫోటోతో వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాం. చర్చి వాళ్లు రెండు జట్లుగా విడిపోయి బస్టాండు, రైల్వే స్టేషను గాలించారు. ఇంకొకరు గూడూరు దాకా పోయి చూసి వచ్చారు. సోమవారం సాయంత్రం ఆసుపత్రి బయట స్టాండులో ఉన్న ఒక ఆటో ఎక్కాను. మూడు రోజులూ అదే ఆటో. డ్రైవరు పేరు మస్తాన్, నలభై ఏళ్లుంటాయి. మొదటి గంటలోనే అతను వేరే బేరాలు మానేశాడు. నేను చెప్పకుండానే ప్రతి టీ బంకు దగ్గరా ఆపి ఫోటో చూపించేవాడు.

మంగళవారం మధ్యాహ్నం ఒక కానిస్టేబులు ఫోన్ చేసి, ఒకసారి శవాల గదికి రమ్మన్నాడు. అది మా ఆయన కాదు. బయటికి వచ్చి ఆటోలో కూర్చున్నాను. అక్కడ పడుకున్న మనిషి మా ఆయన కాదని తెలియగానే నాకు సంతోషం వేసింది. ఆ మనిషి కూడా ఎవరికో మొగుడే కదా అని నాకు తోచింది రాత్రికి. ఇంటికి పోలేదు. మస్తాన్ వాళ్లింట్లోనే, అతని భార్య వేసిన చాప మీద కూర్చుని తెల్లవార్చాను. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. ఎక్కడికన్నా పోండి అన్న నా మాటే నాకు వినిపిస్తోంది.

బుధవారం పొద్దున్నే ఒక కబురు వచ్చింది. ఊరికి పడమరగా పెన్న గట్టు రోడ్డు మీద సోడాలు అమ్మే మనిషి ఫోటో చూసి, సోమవారం సాయంత్రం వానలో ఇలాంటి మనిషి నడిచి పోవడం చూశానన్నాడు. పలకరిస్తే, బండి రావాలి అన్నాడట. ఆ మాట వినగానే అది ఆయనేనని నాకు తెలిసిపోయింది.

మేం పోయేసరికి ఆ రోడ్డు మీద మైకు కట్టిన ఆటో తిరుగుతోంది. పైన డ్యాము గేట్లు ఎత్తారు, సాయంత్రానికి ఏటికి నీళ్లు బాగా వస్తాయి, ఒడ్డున ఎవరూ ఉండొద్దు, గొడ్లను కూడా వదలొద్దు అని చెబుతూ పోతున్నారు. పెన్న అప్పటికే ఎర్రగా, నిండుగా ఉంది. సోడా కొట్టు నుంచి పడమరకు రెండు కిలోమీటర్లు గట్టు వెంబడి చూశాం. ఆ తర్వాత గట్టు తెగి నీళ్లు పారుతున్నాయి. రెల్లు మనిషి ఎత్తున పెరిగి తెల్లగా పూసి ఉంది. అందులో మనిషి పడి ఉంటే పక్కనే నిలబడినా కనపడడు.

మస్తాన్ ఆటో ఆపి చాలాసేపు ఏటి వైపు చూశాడు. తర్వాత అన్నాడు, "టీచరమ్మా, ఈడ్నుంచి మనకేం కనపడదు. కొండ రోడ్డెక్కితే రెండు గట్లూ కనపడతాయి. ఒకసారి పైకి పోయి చూద్దామా."

ఆ కొండ పేరు నేను రాయడం లేదు. నెల్లూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. పైన గుడి ఉంది. అక్కడికి భక్తితో వెళ్లేవాళ్లకు నా అనుభవంతో సంబంధం లేదు కాబట్టి పేరు వద్దు.

నాకు ఆ రోడ్డు కొత్త కాదు. పెళ్లయిన కొత్తలో ఆయన స్కూటరు మీద నన్ను చాలాసార్లు అక్కడికి తీసుకెళ్లారు. మేం గుడిలోకి వెళ్లేవాళ్లం కాదు. మలుపుల దగ్గర ఆపి చూసేవాళ్లం. వానాకాలం చివర అక్కడినుంచి చూడాలి. ఒక వైపు కొండ రాయి, తడిసి నల్లగా మెరుస్తుంటుంది. ఇంకో వైపు నడుమెత్తు గోడ, గోడ అవతల ఒక్కసారిగా పల్లం. ఆ కింద పెన్న ఇసుక దిబ్బల మధ్య పాయలు పాయలుగా, అటూ ఇటూ పచ్చటి నారుమళ్లు, దూరంగా తూర్పున నెల్లూరు ఊరంతా తెల్ల పిట్టలు వాలినట్టు. ఆయన ఊరిని చూసేవారు కాదు, రోడ్డును చూసేవారు. ఈ రోడ్డు వేసినవాడికి బండి నడపడం వచ్చు అనేవారు.

ఆ బుధవారం ఆ రోడ్డు ఎక్కుతున్నప్పుడు నేను ఏమీ చూడలేకపోయాను. ఆటో గుర్రుమంటూ ఎక్కుతోంది. సోమవారం పొద్దున ఆయనతో నేనన్న మాట మస్తాన్‌కి చెప్పేశాను. అతను వెనక్కి తిరగలేదు. మా అమ్మ మంచంలో ఉన్నప్పుడు నేను ఇంకా పెద్ద మాట అన్నానమ్మా అన్నాడు.

ఇక్కడినుంచి నేను చూసింది చూసినట్టు రాస్తాను.

టైము పదకొండు దాటి పది నిమిషాలు. వాన వెలిసి అరగంటయింది. ఎండ లేదు కానీ వెలుతురు బాగా ఉంది. రెండో మలుపు దగ్గర ఒకామె గోనెపట్ట కప్పుకుని సీతాఫలాలు అమ్ముతోంది. ఆమెకు ఫోటో చూపించాం. పొద్దున్నుంచీ నడిచి పైకి పోయినవాళ్లు ఎవరూ లేరంది. ఆమెను దాటి మూడో మలుపు తిరుగుతుండగా మస్తాన్ గట్టిగా బ్రేకు వేశాడు.

గోడ పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మాకు పది పదిహేను గజాల దూరం. వీపు మా వైపు. భుజాల మీద నీలం రంగు ప్లాస్టిక్ పట్ట కప్పుకుని ఉన్నాడు. తల తడిసి జుట్టు నెత్తికి అతుక్కుని ఉంది. కుడి కాలికి చెప్పు ఉంది, ఎడమ కాలికి లేదు. కుడి చెయ్యి పక్కకు చాపి, అరచెయ్యి కిందికి పెట్టి, నెమ్మదిగా పైకీ కిందికీ ఊపుతున్నాడు. బస్సు డ్రైవర్లు కిటికీలోంచి చెయ్యి పెట్టి వెనక బండికి నిదానం అని చెప్పే తీరు అది.

నేను గుర్తుపట్టింది ఆ చేతినే. గళ్ల చొక్కా కోసం మూడు రోజులుగా వెతికిన నా కళ్లు ఆ నీలం పట్టను చూసి ముందు కాదనుకున్నాయి. చెయ్యిని చూశాక ఇంక సందేహం లేదు. ముప్పై ఏళ్లుగా చూస్తున్న చెయ్యి.

దిగబోతుంటే చీర కొంగు ఆటో కడ్డీకి చిక్కుకుంది. తల వంచి లాగాను. రెండు క్షణాలు, మహా అయితే మూడు. తల ఎత్తేసరికి గోడ దగ్గర ఎవరూ లేరు.

ఇంజను ఆపడానికి వంగి లేచేసరికి తనకూ కనపడలేదంటూ మస్తాన్ పరుగెత్తి గోడ దగ్గరికి పోయాడు. గోడ ఎక్కి అవతలికి వంగి చూశాడు. కింద నిలువు రాయి, తుమ్మ ముళ్లు. మనిషి దూకి ఉంటే ముళ్ల మీద ఆనవాలు ఉండాలి. ఏమీ లేదు. రోడ్డు మీద పైకి పోతే కనపడాలి, కిందికి వస్తే మమ్మల్ని దాటాలి. ఇంతలో పైనుంచి మోటారు సైకిలు మీద మొగుడూ పెళ్లాలు దిగి వచ్చారు. దారిలో తమకు ఎవరూ కనపడలేదన్నారు.

నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆయన పోయారు, పోయి నాకు కనపడ్డారు అనుకున్నాను. అప్పటిదాకా నేను నమ్మని దాన్ని ఒక్క క్షణంలో నమ్మేశాను. అది ఒప్పుకోవాలి.

మస్తాన్ నన్ను కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. ఆ మనిషి నిలబడిన చోటే నిలబడి, అతను చూసిన వైపే చూశాను. తిన్నగా కింద ఏరు ఒక వంపు తిరుగుతుంది. వంపు లోపల రెల్లు. రెల్లు అంచున, నీళ్లకు దగ్గరగా, సున్నం వేసిన చిన్న మోటారు షెడ్డు. అక్కడినుంచి అగ్గిపెట్టె అంత కనపడింది. ఆ వైపు మనిషి చేతితో కట్టింది అదొక్కటే.

"మస్తాన్, అక్కడికి పోవాలి" అన్నాను.

అతను ఆటో వెనక్కి తిప్పాడు.

కొండ దిగి, చుట్టూ తిరిగి, పొలాల బాట పట్టేసరికి గంట పైనే పట్టింది. సగం దూరంలో ఆటో బురదలో దిగబడిపోయింది. వదిలేసి నడిచాం. నా చెప్పులు బురదలో ఉండిపోయాయి. ఏటి హోరు దగ్గరవుతోంది. ఎదురుగా ఒక పెద్దాయన, ఇంకో మనిషి, కర్రకు మోటారు కట్టి మోసుకుంటూ వస్తున్నారు. పెద్దాయన పేరు రమణయ్య, ఆ షెడ్డు ఆయనదే. వరద వస్తోందని మోటారు విప్పుకుని పోతున్నాడు. మేం అటు పోతున్నామంటే ఆపేశాడు.

"నేనిప్పుడే ఆడ్నుంచి వస్తాండానమ్మా. తాళం గూడా ఏసినా. ఆడ మనిషనేవాడు ల్యాడు. నీళ్లు చూస్తిరా ఎట్ట పెరగతాండాయో, పోబాకండి" అన్నాడు.

నేను ఆయనకు రెండు చేతులూ జోడించాను. కొండ మీద కనపడిన సంగతి చెప్పలేదు. చెబితే పిచ్చిదనుకుని వెనక్కి లాక్కుపోతాడని భయం. ఒక్కసారి చూసి వస్తాను, లేకపోతే బతికున్నన్నాళ్లూ చూడలేదే అనుకుంటాను అన్నాను. ఆయన మోటారు గట్టున పెట్టించి, ఆ రెండో మనిషిని కూడా వెంటబెట్టుకుని మాతో వచ్చాడు.

షెడ్డు ముందు ఎవరూ లేరు. తలుపు తీసి చూపించాడు, లోపలా ఎవరూ లేరు. నీళ్లు ముందు గోడకు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాయి. మస్తాన్ రెల్లులోకి దిగి వెతుకుతున్నాడు. రమణయ్య ఇంక పోదాం పోదాం అంటున్నాడు.

మా ఆయన్ని పేరు పెట్టి పిలవడం నాకు అలవాటు లేదు. ఏమండీ అనే పిలుపే. ఆ రోజు షెడ్డు ముందు నిలబడి, "ప్రకాశం, ప్రకాశం" అని గొంతు చించుకుని పిలిచాను.

షెడ్డు వెనక గోడకూ గట్టుకూ మధ్య రెండడుగుల సందు ఉంది. పైపులు దాచుకునే సందు. అక్కడ నుంచి చిన్న చప్పుడు వచ్చింది, రాయితో గోడను గీకినట్టు. రమణయ్య ముందు విన్నాడు.

ఆయన ఆ సందులో వెల్లకిలా ఇరుక్కుని ఉన్నారు. గట్టు మీదనుంచి జారి పడ్డట్టున్నారు. మూడు రోజుల గడ్డం తెల్లగా పెరిగి ఉంది. ఎడమ మడమ కుండలా వాచి, పాదం పక్కకు తిరిగిపోయి ఉంది. ఆ కాలికి చెప్పు లేదు. కుడి కాలికి ఉంది. పైపుల మీద రమణయ్య కప్పి పెట్టిన నీలం పట్టను లాక్కుని భుజాల మీద కప్పుకున్నారు.

ఆ నీలం పట్టను చూసి మస్తాన్ రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత తమాయించుకుని సందులోకి దిగాడు.

ఆయన పెదాలు కదిలాయి కానీ మాట రాలేదు. నేను నీళ్లు పట్టాను. ఆ పట్ట మీదే పడుకోబెట్టి నలుగురం నాలుగు మూలలా పట్టుకుని మోశాం. మధ్యాహ్నం రెండున్నరకు గట్టెక్కాం. సాయంత్రం ఆరు దాటాక రమణయ్య ఫోన్ చేశాడు. షెడ్డు సగం దాకా మునిగిందని, వెనక గోడ కూలిపోయిందని చెప్పాడు. తర్వాత, ఆడ ఉండాడని మీకెవురు చెప్పినారమ్మా అని అడిగాడు. ఎవరో చూసి చెప్పారన్నాను. అబద్ధమో నిజమో నాకే తెలియదు.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, మడమ రెండు చోట్ల విరిగిందన్నాడు. వాపును బట్టి విరిగి రెండు రోజులకు తక్కువ కాదన్నాడు. ఆ కాలితో మీ వారు నిలబడే ప్రశ్నే లేదు అన్నాడు. ఆ మాట నేను మళ్లీ అడిగి చెప్పించుకున్నాను.

నాకు నేను ఎన్నో సమాధానాలు చెప్పుకున్నాను. మూడు రోజులు నిద్ర లేదు, తిండి లేదు. అలాంటప్పుడు మనసు కావలసిన బొమ్మను కల్పించుకుంటుంది. పిల్లలకు నేనే చెప్పిన పాఠం. కానీ నా మనసు కల్పించుకుంటే గళ్ల చొక్కా కనపడాలి. నీలం పట్ట సంగతి నాకు తెలియదు. ఒక చెప్పు పోయిన సంగతి తెలియదు. పైగా ముందు చూసింది నేను కాదు, బ్రేకు వేసింది మస్తాన్.

అందుకని ఒక పని చేశాను. నాలుగో రోజు మస్తాన్ ఆసుపత్రికి చూడటానికి వచ్చినప్పుడు, నేను చూసింది ఏమీ చెప్పకుండా, నువ్వు చూసింది చెప్పు అని ఫోన్లో రికార్డు చేశాను. అతను చెప్పినవన్నీ నేను చూసినవే. ఒక్కటి మాత్రం నాకు తెలియనిది. అతను నాకంటే ముందు, మలుపు తిరుగుతూనే చూశాడు కాబట్టి ముఖం ఒక పక్క కనపడిందట. తెల్ల గడ్డం ఉండిందన్నాడు. ఫోటోలో గడ్డం లేదు.

"నిదానం అంటాండాడని నేను బ్రేకేసినా. కానీ సారు మనల్ని చూళ్లేదు టీచరమ్మా. కిందికి చూస్తాండాడు. కింద ఎవురికో చెప్తాండాడు, ఆగు, లెయ్యబాక అని" అన్నాడు.

ఆ రికార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఎవరికీ వినిపించలేదు.

కాలికి ఆపరేషన్ అయిన తర్వాత ఆయన మనసు ఇంకా చెదిరిపోయింది. రోజులో ఎక్కువ భాగం తనలో తనే ఉండేవారు. అయితే ఆ జబ్బు మనుషులకు మధ్యలో ఒక్కోసారి మబ్బు విడిపోయినట్టు అవుతుంది. ఒక ఉదయం గంజి తాగిస్తుంటే నా పేరు పెట్టి పిలిచి, ఆ మనిషి ఇంటికి పోయినాడా అని అడిగారు.

ఏ మనిషి అన్నాను.

"కొండ మీద మనిషి. రెండు దినాలూ ఆడే నిలబడుండాడు, పాపం, వానలో. నేను లెయ్యబోతే చెయ్యి ఊపేవాడు. ఆగు, బండి వస్తాండాది అని. అందుకే కదలకుండా ఉండిపోయినా" అన్నారు.

చేతిలో చెంచా ఉంది. అది ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. ఆయన కదిలి ఆ సందులోంచి బయటికి పాకి ఉంటే ముందున్నది ఏరే. ఒక్కసారి పట్టు తప్పినా ఎవరికీ దొరికేవారు కాదు.

ఆ మనిషి ఎవరు అని అడిగాను. ఆయన నన్ను చూసి నవ్వారు, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. చెప్పబోయారు. నర్సు బీపీ చూడటానికి వచ్చింది. ఆమె వెళ్లాక మళ్లీ అడిగాను. అప్పటికి ఆయన కిటికీ వైపు తిరిగి ఉన్నారు. ఏ మనిషి అని నన్నే అడిగారు.

వేసవిలో నేను ఒక్కదాన్నే ఆ కొండకు వెళ్లాను. మూడో మలుపు దగ్గర నిలబడ్డాను. పెన్న ఎండి ఇసుక తెల్లగా ఉంది. కూలిన షెడ్డు మొండిగోడ కనపడింది. ఆ పక్కన రమణయ్య నిలబడి ఉంటానన్నాడు, నేనే ముందుగా ఫోన్ చేసి చెప్పాను. ఎంత కళ్లు చించుకుని చూసినా అక్కడ మనిషి ఉన్నదీ లేనిదీ తెలియలేదు. నేను చెయ్యి చాపి ఊపాను. ఫోన్లో అడిగితే, రోడ్డు ఒక గీతలా కనపడతాంది గానీ మనిషి కంటికి ఆనడం లేదమ్మా అన్నాడు.

ఆయన ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు. కర్ర సాయంతో వసారా దాకా నడుస్తారు. నన్ను ఒక్కోసారి వాళ్లక్క అనుకుంటారు, ఒక్కోసారి ఎవరో టీచరు అనుకుని మీరు ఏ ఊళ్లో దిగాలండీ అని అడుగుతారు. ఇంకో మూడు స్టాపులుంది అంటాను. సరేనని కూర్చుంటారు.

దయ్యం అంటే చచ్చిపోయినవాళ్లు కదా. ఆయన బతికే ఉన్నారు. మరి కొండ మీద రెండు రోజులు వానలో నిలబడిందెవరో నేను ఎన్ని విధాల ఆలోచించినా తేలలేదు. పాస్టరు గారిని అడుగుదామని రెండుసార్లు వెళ్లి అడగకుండానే తిరిగి వచ్చాను. నా దగ్గర జవాబు లేదు. ఆయన దగ్గర ఒకటి ఉండింది. ఆ ఉదయం గంజి గిన్నె ముందు అది ఆయన నోటి చివరిదాకా వచ్చింది. ఇప్పుడు అది ఆయన దగ్గర కూడా లేదు.